ఆయాసం వెనుక ఆమ్లం

మన రక్తపు పీహెచ్, అంటే ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే కొలత, 7.35 నుంచి 7.45 మధ్యనే నిలవాలి. ఊపిరితిత్తులు నిమిషాల్లోనే, రక్తంలో ఆమ్లంగా మారే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించి, మూత్రపిండాలు నెమ్మదిగా, రోజుల వ్యవధిలో ఆమ్లాన్ని విసర్జించి ఆ హద్దును కాపాడతాయి. టైప్ 1 మధుమేహ రోగి ఇన్సులిన్ మానేస్తే కొవ్వు కరిగి కీటోన్ ఆమ్లాలు పేరుకుంటాయి, వాటిని తటస్థం చేయడంలో రక్తంలోని క్షారమైన బైకార్బొనేట్ ఖర్చయిపోతుంది. అప్పుడు రోగి లోతుగా, ఎడతెరిపి లేకుండా ఊపిరి తీస్తాడు. నోటి నుంచి మాగిన పండు వాసన వస్తుంది. 1874లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మాల్ వర్ణించిన ఈ శ్వాస ఉబ్బసం కాదు, కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపి ఆమ్లతను తగ్గించుకోవడానికి శరీరం పడుతున్న పాటు. కడుపునొప్పి, వాంతులు కూడా ఉంటే, గ్యాస్ అనుకుని సోడా తాగించి ఊరుకోవడం నా దృష్టిలో చాలా ప్రమాదకరం. ఆసుపత్రిలో సెలైన్, ఇన్సులిన్ ఇస్తూ, రక్తంలో పొటాషియంను పదే పదే పరీక్షిస్తారు, ఎందుకంటే ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి నెట్టి రక్తంలో ఒక్కసారిగా తగ్గించగలదు.