ఒక్క అడుగు

"డబ్బు ఇచ్చారు, సంతోషం. మా అమ్మ కోసం ఒక్క అడుగు వేయలేకపోయారా?" సోమవారం పొద్దున గోదాము తాళాలు నా చేతిలో పెడుతూ మా గోదాము ఆవిడ అడిగింది. నేను ఘనాలోని కుమాసీకి వచ్చి నాలుగేళ్ళయింది. బియ్యం లెక్కల్లో తేడా వచ్చినప్పుడు కూడా ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు.

శనివారం వాళ్ళమ్మ అంత్యక్రియలకు నల్లచొక్కా వేసుకొని వెళ్ళాను. ఎటు చూసినా నలుపు, ఎరుపు బట్టలే. మైకులో చదివింపులు చదువుతుంటే మన ఊళ్ళోనే ఉన్నట్టు అనిపించింది. ఆ తరువాత అదోవా అనే నాట్యం మొదలైంది. ఇనుప గంట, మన డమరుకంలా నడుము సన్నగా ఉండే దొన్నో, పక్కపక్కన నిలిపిన అతుంపాన్లు అనే జంట డోళ్ళు. అక్కడి అకాన్ జనం భాషలో ఒకే మాటకు గొంతు హెచ్చితే ఒక అర్థం, తగ్గితే మరొకటి. అతుంపాన్లలో ఒకటి హెచ్చు స్వరం, ఒకటి తగ్గు స్వరం. అందుకే వాటి మీద మాటలే పలికిస్తారు. ఆవిడ పెద్దల ముందు వంగి అనుమతి తీసుకుంది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని అడుగులు వేసింది. అమ్మ పోయిందని ఆ చేతులే చెప్పాయి. చుట్టూ ఉన్నవాళ్ళు లేచి వెళ్ళి, ఆవిడ తల మీదుగా చూపుడువేలు, మధ్యవేలు ఎత్తి పట్టారు. అది అక్కడి మెచ్చుకోలు. నేను కుర్చీలోంచి కదలలేదు.

మావాళ్ళు చావింట ఆడరని చెప్పబోయాను. మాట నోట్లోనే ఆగిపోయింది. మా తాత పాడె డప్పు లేకుండా లేచిందా? డప్పు ముందు చిందు వేయలేదా? వేశారు. వేసినవాళ్ళు ఊరి చివర వాడవాళ్ళు. మేము చేతులు కట్టుకొని వెనక నడిచాం. మా దుఃఖాన్ని వాళ్ళ చేతుల మీదుగా మోగించుకొని, డబ్బులిచ్చి పంపేశాం. అరుగు మాత్రం ఎక్కనివ్వలేదు.

మౌనంగా నడవడమూ గౌరవమేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆ రోజు మా నాన్న కుండ భుజాన పెట్టుకొని తిరుగుతుంటే పెదవి కదలలేదు. ఆ నిబ్బరం ముందు ఏ ఆటా నిలవదు. కాని ఇదంతా ఆవిడకు చెబితే, తాత కోసం నేను ఏం చేశానని అడుగుతుంది. డబ్బు ఇచ్చాననే చెప్పాలి.

నిన్న పని ముగిశాక నేర్పమని అడిగాను. బస్తాల మధ్య చోటు చేసి, నా మోచేతులు పట్టి సరిచేసింది. మోకాళ్ళు ఇంకా వంచమంది.