పండుగలు లేని సంఘంలో ఐదు రోజులు

స్కాట్లండ్ వాయవ్య తీరానికి అవతల, అట్లాంటిక్ గాలికి ఎదురుగా ఉన్న లూయిస్ దీవిలో నా మిత్రుడి మేనత్త ఒకావిడ ఉన్నారు. ఆమె వెళ్ళే ప్రెస్బిటీరియన్ (సంఘపెద్దల సభలు నడిపే ప్రొటెస్టెంట్ శాఖ) సంఘంలో క్రిస్మస్ ఆరాధన ఉండదనీ, మట్టల ఆదివారం గాని, శ్రమకాలపు నలభై రోజులు గాని పాటించరనీ అతడు చెప్పినప్పుడు, అయితే వాళ్ళకు ఏడాది పొడుగునా అన్ని ఆదివారాలూ ఒక్కలాగే గడిచిపోతాయా అని అడిగాను. అతడు నవ్వి, సెప్టెంబరులో ఐదు రోజులు సెలవు పెట్టుకొని వెళ్ళి చూసి రమ్మన్నాడు. మేనత్తగారికి తానే ఉత్తరం రాశాడు.

ఇన్వర్నెస్ నుంచి బస్సులో అల్లాపూల్ రేవుకు చేరి, అక్కడి నుంచి రెండున్నర గంటలకు పైగా ఓడలో ప్రయాణించి, ఒక బుధవారం రాత్రి స్టోర్నోవేలో దిగాను. రేవు దగ్గరపడుతుండగా పక్కన నిలబడిన ప్రయాణికుడు చీకటిలో ఒక దిక్కుకు చెయ్యి చూపి, 1919 జనవరి 1 తెల్లవారుజామున ఐయొలేర్ అనే ఓడ యుద్ధం నుంచి తిరిగి వస్తున్న నావికులతో మునిగిపోయింది అక్కడే అని చెప్పాడు. చనిపోయినవారు 201 మంది. ఇంటి దీపాలు కనబడే దూరంలో మునిగిపోయారు. ఆ తరువాతి ఐదు రోజుల్లో సముద్రం మాట వచ్చే కీర్తన పాడినప్పుడల్లా ఆ చీకటి దిక్కు నాకు గుర్తుకు వస్తూనే ఉంది.

రేవు దగ్గర నన్ను ఎక్కించుకున్నది మేనత్తగారి అన్నగారు. ఎనభై దాటిన మనిషి, హారిస్ ట్వీడ్ అనే ఉన్నిబట్ట నేసి నేసి వేళ్ళు వంకరపోయినవాడు. పడమటి తీరంలోని ఊరికి వెళ్ళే దారిలో, పీట్ బొగ్గు తవ్విన నల్లటి నేలల మధ్య వ్యాన్ నడుపుతూ, ఈ ఐదు రోజుల సంగతి ఆయనే చెప్పారు. అక్కడివారు దీనిని ఇంగ్లీషులో ‘కమ్యూనియన్స్’ అని బహువచనంలోనే అంటారు. ప్రభువు బల్ల, అంటే రొట్టె, గిన్నె పంచుకునే సంస్కారం, ప్రతి నెలా ఉండదు. సంఘానికి ఏడాదికి రెండుసార్లే. అందువల్ల ఆ ఒక్క ఆదివారం చుట్టూ గురువారం నుంచి సోమవారం దాకా ఐదు రోజులు అల్లుకొని ఉంటాయి. పక్క పక్క సంఘాల తేదీలు ఒకదానిమీద ఒకటి పడకుండా ముందే సర్దుకుంటారు కాబట్టి, ఒక ఊరి వారు మరొక ఊరికి వెళ్ళి ఆ రోజులు గడపవచ్చు. పంచాంగంలో లేని పండుగ ఇది అని నాకు అప్పటికి తోచింది. కాని పండుగ అన్న మాట ఎత్తితే ఆయన ముఖం చిట్లించారు.

ఆ చిట్లింపుకు చరిత్ర ఉంది. వాక్యంలో ఆజ్ఞ లేని దినాలను మనుషులు పవిత్రం చేయకూడదన్నది ఈ సంప్రదాయంలో పదహారో శతాబ్దపు క్రైస్తవ మత సంస్కరణ కాలం నుంచీ వస్తున్న పట్టుదల. 1640లో స్కాట్లండ్ పార్లమెంటు క్రిస్మస్ సెలవునే చట్టం చేసి రద్దు చేసింది. ఆ దేశంలో అది ప్రభుత్వ సెలవుదినం అయింది 1958లో. వాళ్ళకు దేవుడు నియమించిన పండుగ ఒక్కటే, అది ఆదివారం.

ఊరిలో సుమారు పాతిక ఇళ్ళుంటాయి. వాటి మధ్య రెండు గుడులు, కొంచెం దూరంలో మూడోది. మూడూ ప్రెస్బిటీరియన్ గుడులే. 1843లో కాపరులను, అంటే పాస్టర్లను, నియమించే హక్కు భూస్వాములకు ఉండరాదని నాలుగు వందల యాభై మందికి పైగా కాపరులు జీతాలనూ ఇళ్ళనూ వదులుకొని, థామస్ చామర్స్ నాయకత్వంలో బయటికి వచ్చి ఫ్రీ చర్చిని స్థాపించారు. ఆ తరువాత 1893లో ఒక చీలిక, 1900లో ఒక కలయిక, ఆ కలయికకు ఒప్పుకోనివారి పక్షం, 2000లో మరో చీలిక. చెప్పుకుంటూ పోతే మన దాయాదుల పొలం తగాదాల్లా ఉంటుంది. నేను వెళ్ళినది ఫ్రీ చర్చి సంఘానికి. 2010లో ఆ చర్చి మహాసభ కొత్త పాటలకూ వాద్యాలకూ అనుమతి ఇచ్చినా, ఈ సంఘం ఆ అనుమతిని వాడుకోలేదు. ఇక్కడ పాడేవి దావీదు కీర్తనలే. వాద్యం గొంతు ఒక్కటే.

గురువారాన్ని ఉపవాస దినం అంటారు. పూర్వం ఆ రోజున బడులూ దుకాణాలూ మూసేవారట. ఇప్పుడు మధ్యాహ్నం ఆ దీవుల సొంత భాష గేలిక్‌లో ఒక ఆరాధన, సాయంత్రం ఇంగ్లీషులో ఒకటి జరుగుతాయి. ప్రార్థనకు లేచి నిలబడతారు, పాటకు కూర్చుంటారు. ఇది నాకు అలవాటు కావడానికి రెండు రోజులు పట్టింది. మొదటి పాటకు నేనొక్కడినే లేచి నిలబడి, వెనక్కి చూసి కూలబడ్డాను. ప్రసంగానికి ముందు వరుసల పొడుగునా కాగితాల చప్పుడు మెల్లగా వినబడింది. తెల్లటి పుదీనా బిళ్ళలు చేతులు మారుతున్నాయి. ఇంత గంభీరమైన చోట ఈ చిన్న చాపల్యాన్ని ఎవరూ తప్పు పట్టరు. నాకు కూడా ఒకటి అందింది.

పాట గురించి మాత్రం తీరికగా చెప్పాలి. వేదిక కింద చిన్న పెట్టె వంటి ఆసనంలో ప్రిసెంటర్, అంటే పాట అందించేవాడు, కూర్చుంటాడు. అతడు ఒక పాదాన్ని గబగబా, దాదాపు మాట్లాడినట్టుగా అందిస్తాడు. సభ దానిని అందుకొని, అదే పాదాన్ని నాలుగైదు రెట్లు నిదానంగా సాగదీస్తుంది. అందరిదీ ఒకే రాగం, కాని ఎవరి గమకం వారిది. ఒకరు స్వరాన్ని చేరకముందే మరొకరు దాన్ని దాటిపోతారు. వెనక వరుసలోని ముసలావిడ ఒక అక్షరాన్ని ఇంకా వదలకుండా పట్టుకొని ఉండగానే ప్రిసెంటర్ గొంతు తరువాతి పాదంతో పైకి లేస్తుంది. నలభై మంది కూడా లేని ఆ గుడిలో ఒడ్డుకు అల మీద అల వచ్చి పడుతున్నట్టు వినిపించింది. 1645 నాటి వెస్ట్‌మినిస్టర్ ఆరాధన క్రమంలో, చదువు రానివారు ఎక్కువగా ఉన్నచోట పాదం పాదం చదివి వినిపించి పాడించమని సూచన ఉంది. ఈ పద్ధతి పుట్టింది ఆ అవసరంలోంచే. ఇప్పుడు ప్రతివారి చేతిలోనూ పుస్తకం ఉంది, ప్రతివారికీ చదువు వచ్చు. అవసరం పోయి సంగీతం మిగిలింది. తెలుగులో మనం దావీదు గీతాలనూ, మన కవులు కట్టిన పాటలనూ రెంటినీ కీర్తనలు అనే పిలుస్తాం. ఈ మాట మేనత్తగారితో అంటే, ఆమె మర్యాదగా మౌనం వహించారు.

శుక్రవారం ‘ప్రశ్న దినం’. చాలా సంఘాలు ఐదు రోజులను మూడుకు కుదించుకున్నాక ఇది అరుదైపోయిందని అన్నారు గనుక, గేలిక్ ఒక్క ముక్క రాకపోయినా వెళ్ళి కూర్చున్నాను. పక్కన మేనత్తగారు చిన్న కాగితం మీద సారాంశం రాసి చూపుతూ వచ్చారు. సభలోంచి ఒక పెద్దమనిషి లేచి ఒక వచనం చెప్పి, దేవుని కృప నిజంగా పొందినవానికీ, పొందాననుకునేవానికీ తేడా ఏ గుర్తులతో తెలుస్తుందని అడిగారు. కాపరి ఆ ప్రశ్నను విప్పి చెప్పి, తరువాత ఒక్కొక్క పెద్దమనిషిని పేరు పెట్టి పిలిచారు. వాళ్ళలో చేపలు పట్టినవారున్నారు, గొర్రెలు కాసేవారున్నారు, బస్సు నడిపినవారొకరున్నారు. ప్రసంగం చేయలేదెవరూ, తమకు ఏ రాత్రి ఏ సందేహం కలిగిందో, ఏ వాక్యంతో అది తీరిందో, లేక ఇంకా తీరలేదో చెప్పి కూర్చున్నారు. ఒకాయన రెండే వాక్యాలు చెప్పి, గొంతు పెగలక ఆగిపోయారు. మేనత్తగారు కాగితం మీద ఏమీ రాయలేదు. మాట్లాడినవారందరూ మగవారే. ఆ సంగతి నాకు ముల్లులా తగిలింది, ఇప్పటికీ తగులుతూనే ఉంది. ఆ సందేహాలను అంత శ్రద్ధగా కాగితం మీదికి దించిన మనిషికి తన సొంత జవాబు చెప్పే చోటు అక్కడ లేదు.

రాత్రిళ్ళు ఇల్లు నిండిపోయేది. పక్క సంఘాల నుంచి వచ్చినవారు ముగ్గురు మాతోపాటు బస చేశారు. ఇంకో పదిమంది ఆరాధన ముగిశాక టీకి వచ్చేవారు. గొర్రె మాంసం, బార్లీ వేసిన పులుసు గిన్నె పొయ్యి మీదినుంచి దిగేది కాదు. ప్రసంగాన్ని విప్పి, తూచి, ఒక్కోసారి కాపరి వినలేదు కదా అని కొంచెం కోసి, మళ్ళీ కుట్టేవారు. పదకొండు గంటలకు ఇంటి పెద్దాయన, అంటే ఆ అన్నగారే, బైబిలు తీసేవారు. ఒక కీర్తన, ఒక అధ్యాయం, తరువాత అందరం ఎవరి కుర్చీ దగ్గర వారు మోకరించి ప్రార్థన. ఆయన గొంతు కంచులా ఉండేది. ఇంత చక్కగా పాడే ఆయన గుడిలో ప్రిసెంటర్ ఎందుకు కాలేదా అనుకున్నాను.

శనివారం సిద్ధపాటు. ఆరాధన తరువాత సంఘపెద్దలు ముందువైపు కూర్చొని, ప్రభువు బల్లలో పాలుపొందేవారికి ‘టోకెన్లు’ ఇచ్చారు. అవి చిన్న లోహపు బిళ్ళలు. ఈ ఏర్పాటు పదహారో శతాబ్దం నాటిది. నేను మా కాపరి దగ్గర తీసుకొచ్చిన పత్రాన్ని చూపాను. పెద్దలు దానిని చదివి, నా విశ్వాసం గురించి రెండు ప్రశ్నలు అడిగి, ఒక బిళ్ళ నా అరచేతిలో పెట్టారు. అది తేలికగా ఉన్నా జేబులో దాని బరువు తెలుస్తూనే ఉంది. ఆ సాయంత్రమే మేనత్తగారు మరునాటి బంగాళదుంపల పొట్టు తీసి నీళ్ళలో వేశారు. ఆదివారం ఆ ఊరిలో ఏ దండెం మీదా ఒక్క బట్ట కనబడదు. రేవులో ఆదివారపు ఓడ మొదలైంది 2009లో. దాని గురించి ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఆదివారం ముందు వరుసల బల్లల మీద ఇస్త్రీ మడత చెదరని తెల్లటి గుడ్డలు పరిచి ఉన్నాయి. ప్రసంగం తరువాత కాపరి ‘బల్లకు కంచె’ వేశారు. ఎవరు రాకూడదో, ఎవరు తప్పక రావాలో రెండూ వివరంగా చెప్పడమే ఆ కంచె. మొదటి సగం వింటుంటే నేను లేవగలనా అనిపించింది. రెండో సగంలో, తన బలహీనత తెలిసి భయపడేవాడే రమ్మని పిలిచారు. తరువాత నీతి గుమ్మములు తెరవమని అడిగే నూట పద్దెనిమిదో కీర్తన మొదలైంది. ఆ పాట సాగుతుండగా జనం లేచి బల్ల దగ్గరకు రావాలి. మొదటి చరణం అయిపోయింది, ఎవరూ కదల్లేదు. రెండోదీ అయింది. మూడో చరణం మధ్యలో ఒక ముసలావిడ కర్ర ఊనుకొని లేచారు. ఆమె వెనక ఒకరు, ఆ వెనక మరొకరు. మేనత్తగారితోపాటు నేనూ వెళ్ళాను. పెద్ద ఒకరు మా బిళ్ళలు తీసుకున్నారు. అంతమంది సభలో బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళం పద్దెనిమిది మందిమే. రొట్టె, ఆ తరువాత గిన్నె, చేతి నుంచి చేతికి మౌనంగా నడిచాయి.

గిన్నె అందించి తల ఎత్తినప్పుడు అన్నగారు కనబడ్డారు. పక్క వరుసలో, గోడవైపు కూర్చొని, బల్లనే చూస్తున్నారు. ఈ దీవుల్లో ప్రతి ఆరాధనకూ వచ్చే, కాని సంస్కారంలో ఎన్నడూ చేరని వారు చాలామంది ఉంటారని చదివాను; సభ్యులకంటే వారే ఎక్కువగా ఉండే సంఘాలున్నాయి. నాలుగు రోజులు ఆయన చేసే ప్రార్థన విన్నవాణ్ణి, ఆ లెక్కలో ఆయన ఉంటారని ఊహించలేదు. సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. “మా నాన్న డెబ్బై ఏళ్ళు వచ్చాక వెళ్ళాడు,” అన్నారు. కాసేపాగి, “నాకు ఆలస్యమైంది, అంతే,” అన్నారు. ఇంత భయం సువార్తకు తగునా అన్న సందేహం నాకు తీరలేదు. అయినా, పెద్దగా ఆలోచించకుండా నెలకోసారి గిన్నె అందుకొని వచ్చి కూర్చునే నా అలవాటు ఆయన ముందు కొంచెం చిన్నబోయింది.

సోమవారం కృతజ్ఞతారాధన పొట్టిగా ముగిసింది. ద్వారం దగ్గర కరచాలనాలు, కన్నీళ్ళు, రాబోయే వారం ఏ ఊరిలో కలుసుకుంటారన్న మాటలు. అతిథులు కార్లెక్కారు. చీకటిపడే వేళకు సంఘపెద్ద ఒకరు బల్ల మీది తెల్లగుడ్డలను పెద్ద సంచిలో తెచ్చి మేనత్తగారి వంటింట్లో పెట్టి వెళ్ళారు. వాటిని ఉతికే వంతు ఈ ఇంటిదట.

మంగళవారం తెల్లవారి నేను లేచేసరికి అవి పెరట్లో దండెం మీద బారుగా ఎగురుతున్నాయి. ఓడకు వేళవుతోందని మేనత్తగారు తొందరపెట్టారు. వ్యాన్ కదిలి గేటు దాటాక అన్నగారు అద్దంలో వెనక్కి చూసి, బండి ఆపి దిగిపోయారు. ఒక గుడ్డ మూల ఊడి నేలకు వాలబోతోంది. ఆయన వంకర వేళ్ళతో దానిని అంచు నలగకుండా పైకెత్తి, రెండు క్లిప్పులు గట్టిగా పెట్టి, చేతులు కోటుకు తుడుచుకొని వచ్చి కూర్చున్నారు.

“గాలి బాగుంది, మధ్యాహ్నానికి ఆరిపోతాయి,” అన్నారు.