ఆ భుజాల ప్రశ్న నాది కాదు

కేబుల్ గాడు మన టెన్త్ బ్యాచ్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు, "రీయూనియన్ సావనీరుకి నువ్వు రెండు పేజీలు రాయాలి, పదిహేనో తారీఖు లాస్ట్, ఏదైనా రాయి, కానీ స్పైడర్‌మ్యాన్ పీరియడ్ గురించే రాయి" అని. ఏదైనా రాయమనేదీ వాడే, ఏం రాయాలో చెప్పేదీ వాడే. అప్పట్లో ఊరందరి టీవీ వాళ్ళ నాన్నగారి చేతిలో ఉండేది, ఇప్పుడు అడ్మిన్ పవరు వీడి చేతిలో ఉంది, ఇంతకుమించి ఇరవై ఏళ్ళలో వాడిలో మార్పేమీ లేదు.

సరే రాద్దామని కూర్చుంటే తెలిసిందేంటంటే, నాకు ఆరో క్లాసు నుంచి తొమ్మిది దాకా దాదాపు ఏమీ గుర్తు లేదు. నాలుగేళ్ళు గాల్లో కలిసిపోయాయి. గుండ్రాయి గాడు గిర్రున తిరిగి శక్తిమాన్ అయిపోదామని వాటర్ ట్యాంకు దిమ్మకి గుద్దుకోవడం గుర్తుంది (అది ఇంకా ముందు, మూడో క్లాసు అనుకుంటా), సైకిల్ స్టాండులో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులు గుర్తున్నాయి, బిగ్ షో కార్డు కోసం పచ్చడి గాడు వారం రోజులు తన క్యారేజీ నాకు పెట్టడం బాగా గుర్తుంది, వాళ్ళమ్మగారి గోంగూర రుచి కూడా గుర్తుంది. కార్డు మాత్రం ఇవ్వలేదు. సారీ రా.

ఇంకా టీవీ గేము షాపు. గంటకి పది రూపాయలు, కేసెట్ మీద 9999 గేములని ఉంటుంది, లోపల చూస్తే అవే ఇరవై గేములు పేర్లు మార్చి మార్చి వస్తాయి. కాంట్రాలో పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ నొక్కితే 30 లైఫులు వస్తాయని మొదట కనిపెట్టింది నేనే అని డిష్ గాడు ఇప్పటికీ చెప్పుకుంటున్నాడంట, ఆ కోడ్ మేమందరం పుట్టక ముందే జపానోళ్ళు పెట్టింది రా బాబూ, నీకు చెప్పింది షాపు అన్న, అన్నకి చెప్పింది ఎవరో.

మన గొడవలన్నీ సైకిల్ స్టాండులోనే కదా. ఎవరు ఎవర్ని కొడతారు అనేదే మ్యాటరు. రాజ్యాంగం కూడా ఉండేది, దేవుళ్ళని కలపకూడదు అనేది మొదటి రూలు, ఎందుకంటే ఆంజనేయస్వామి వస్తే ఇంక డిస్కషనే ఉండదు, ఎవడైనా కొండ దాకా వెళ్ళి మొక్క తేవాలి గానీ కొండే తెచ్చేవాడితో పోటీ ఏంటి. ఘటోత్కచుడు దేవుడా కాదా అనే దాని మీద రెండు వారాలు నడిచింది, చివరికి కాదని తేల్చి హల్క్ మీదకి వదిలాం, మాయ చేస్తాడు కాబట్టి ఘటోత్కచుడే గెలిచాడు, ఇందులో నాకిప్పటికీ డౌటు లేదు. బ్యాట్‌మ్యాన్ పవర్ ఏంట్రా అంటే కేబుల్ గాడు "ఆస్తి" అన్నాడు. రైసు మిల్లు ఓనరుకి రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే అదే బ్యాట్‌మ్యాన్ అని వాడి థియరీ. నేను మాత్రం మొదటి నుంచీ స్పైడర్‌మ్యాన్ పార్టీ. వాడికి అద్దె కట్టే డబ్బుల్లేవు, మనకీ లేవు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. 2004, మనం పదో క్లాసు, స్పైడర్‌మ్యాన్ రెండో సినిమా జులైలో వచ్చింది, గుడివాడకి తెలుగు డబ్బింగు ప్రింటు ఆలస్యంగా దిగింది. ఆదివారం మ్యాట్నీకి పదకొండు మంది వెళ్ళాం, మొత్తం ఒకే వరస. ఇంటర్వెల్ తర్వాత ట్రైన్ ఫైటు మొదలైంది, డాక్టర్ ఆక్టోపస్ బ్రేకులు పీకేసి వెళ్ళిపోయాడు, వీడు ట్రైన్ ముందుకొచ్చి కాళ్ళతో ఆపబోతే పట్టాల మీద చెక్కలు విరుగుతున్నాయి, అవ్వలేదు, రెండు చేతుల్తో అటూ ఇటూ బిల్డింగులకి దారాలు వేశాడు, అవి బిల్డింగుల ముక్కల్తో సహా ఊడొచ్చాయి, మళ్ళీ ఇంకా ఎక్కువ వేశాడు, ముసుగు లేదు, అరుస్తున్నాడు, సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

జనరేటరు స్టార్ట్ అయ్యేసరికి పది నిమిషాలు. హాలంతా ఈలలు, కుర్చీలు బాదడం. ఆపరేటరు రీలు ముందుకి జరిపేశాడో ఏమో, మళ్ళీ బొమ్మ పడేసరికి స్పైడర్‌మ్యాన్ ట్రైన్ లోపల పడుకుని ఉన్నాడు, జనం చుట్టూ నిలబడి వాడి మొహం చూస్తున్నారు, ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చి ఇస్తున్నారు. ట్రైన్ ఎలా ఆగిందో మేమెవరం చూళ్ళేదు.

సోమవారం పొద్దున ఒక్కడే దొర, బందరు లడ్డు గాడు. వాడు బెజవాడలో వాళ్ళ పిన్ని ఇంటి దగ్గర చూసొచ్చాడు. "దారాలు తెగలేదు, వాడే ఆపాడు, ట్రైను చివరికంటా పోయి అంచు మీద ఆగింది" అన్నాడు. డిష్ గాడు నమ్మలేదు, తెగకపోవడమేంటి, సాలెగూడు చీపురుతో తీసేస్తాం కదా అన్నాడు. అక్కడ మొదలైంది. ప్రేయర్ అయ్యాక కూడా ఆగలేదు, పీఎస్ (ఫిజికల్ సైన్స్) సారు క్లాసులోకొచ్చేసరికి వెనక బెంచీలు రెండు పార్టీలైపోయి ఉన్నాయి.

ఆ పీరియడ్ ఎలా మొదలైందో అందరూ ఒక్కోలా చెప్తారు. జరిగింది ఇదీ. సారు రికార్డులు దిద్దుతున్నారు, నాది తెరిచారు, ఓమ్ నియమం ఎక్స్‌పెరిమెంటు పేజీలో సర్క్యూట్ ఉండాల్సిన చోట స్పైడర్‌మ్యాన్ ఉన్నాడు, కింద బ్యాటరీ, రెసిస్టెన్స్ కూడా నీట్‌గా గీశా, వాడి చేతిలోంచి వైరు వస్తున్నట్టు. లేపి నిలబెట్టారు. "ఏంటిదీ?" అన్నారు. నేను నోరు మెదపలేదు, నా బదులు డిష్ గాడు లేచి "సార్, సాలీడు దారంతో ట్రైన్ ఆగుద్దా సార్?" అన్నాడు. వాడు నన్ను కాపాడదామని అడగలేదు, పందెం గెలవడానికి అడిగాడు, అయిదు రూపాయల పందెం.

సారు కొడతారనుకున్నాం. చాక్‌పీసు తీశారు.

"ఏ ట్రైను?" అన్నారు. అమెరికాది సార్ అంటే "అది మనకెందుకు, మన బందరు పాసింజరు వేసుకుందాం" అన్నారు. వాళ్ళ బావమరిది రైల్వేలో కదా, లెక్కలన్నీ నోటికే ఉండేవి. డీజిల్ ఇంజను 110 టన్నుల పైన, పెట్టె ఖాళీగా 40 టన్నులు దాకా, జనం ఎక్కితే ఇంకో ఏడెనిమిది, పది పెట్టెలు, "అంచేత ఏమైందీ? మొత్తం 600 టన్నులు". స్పీడు సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకి 72 కిలోమీటర్లు. మన పాసింజరు 72లో ఎప్పుడు పోయింది సార్ అని పచ్చడి గాడు అన్నాడు, సారుతో సహా నవ్వారు. పరిగెత్తే ట్రైనులో ఉండే శక్తి, సగం ఎమ్ వీ స్క్వేర్. 12 కోట్ల జౌళ్ళు. బోర్డు మీద ఆ సున్నాలన్నీ రాస్తుంటే కింద ఇంగ్లీషు వ్యాకరణం ఉంటే అది కూడా చెరిపేశారు. గేటు దగ్గర దారం వేస్తే ప్లాట్‌ఫారం చివరికి ఆగాలి, 400 మీటర్లు అనుకుందాం, 12 కోట్లని 400 పెట్టి భాగిస్తే 3 లక్షల న్యూటన్లు.

"3 లక్షల న్యూటన్లంటే 30 టన్నుల బరువు. మూడు లారీల వడ్లు. అంచేత ఏమైందీ? మూడు లారీల వడ్లు వేలాడదీస్తే తెగని దారం కావాలి." సాలీడు దారం, అదే లావు గట్టి ఉక్కు తీగతో సమానం రా, చదరపు సెంటీమీటరుకి 10 టన్నులు మోస్తుంది అన్నారు. అంటే మూడు చదరపు సెంటీమీటర్లు. చేతి బొటనవేలు పైకెత్తి చూపించారు, అంత లావు దారం చాలంట. చీపురుతో తీసేసే గూడు సన్నగా ఉంటుంది కాబట్టి తెగుతుంది గానీ సరుకు నాసిరకం అయ్యి కాదు.

బందరు లడ్డు బెంచీ ఎక్కేశాడు. డిష్ గాడు అయిదు రూపాయలు తీస్తున్నాడు. సారు బోర్డు వైపు తిరిగి చెయ్యి రుమాలుకి తుడుచుకుంటున్నారు, అప్పుడు వినపడింది.

"సార్, దారం తెగదు సరే, మరి ఆయన భుజాలు ఊడిపోవా?"

క్లాసు సైలెంట్ అయిపోయింది. సారు తిరిగారు. "ఎవరది?" అన్నారు. క్లాసులో నిలబడి ఉన్నది నేనొక్కణ్ణే, పనిష్మెంటు మీద. సారు నన్నే చూసి, నడుచుకుంటూ వచ్చి, భుజం మీద చెయ్యేసి "శెభాష్ రా" అన్నారు. చొక్కా మీద అయిదు వేళ్ళూ చాక్‌పీసు పొడి. ఆ తర్వాత ఇంకో పావుగంట న్యూటన్ మూడో నియమం, దారం ఎంత లాగితే భుజం అంత లాగబడుతుందని, చెరి 15 టన్నులని, సినిమా వాడు దారం గురించి ఆలోచించాడు గానీ కీలు గురించి ఆలోచించలేదని, బెల్లు కొట్టి ఇంగ్లీషు మేడం గుమ్మంలో నిలబడితే "రెండు నిమిషాలు మేడం" అని ఇంకో పది నిమిషాలు. మన బ్యాచ్ మొత్తానికి ఫిజిక్స్ అంటే అదొక్క రోజే గుర్తుండి ఉంటుంది.

ఆ ప్రశ్న నాది కాదు. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే ఎర్ర రిబ్బనుది. నా ముందు వరసే కాబట్టి నాకు స్పష్టంగా వినపడింది, మీలో కొంతమందికి కూడా వినపడే ఉంటుంది, అమ్మాయిలందరికీ ఖచ్చితంగా తెలుసు. తను కూర్చునే అడిగింది, మెల్లగా. సారు శెభాష్ అన్నప్పుడు తను వెనక్కి తిరిగి ఒక్కసారి చూసింది, కోపంగా కాదు, ఇప్పుడు చెప్తాడేమో అన్నట్టు. నేను చెప్పలేదు. రికార్డు విషయం మర్చిపోయారు కదా, చెప్తే మళ్ళీ గుర్తొస్తుందేమోనని మొదట ఊరుకున్నా, తర్వాత ఊరుకోవడం అలవాటైపోయింది.

తర్వాత ఇంటరు, ఎంసెట్, ఇంజినీరింగ్, అవన్నీ అందరివీ ఒకటే, రాయను. 2013లో హైదరాబాదులో గేములు చేసే కంపెనీలో ఇంటర్వ్యూ. మాదాపూర్, ఏడో అంతస్తు. ఫిజిక్స్ మీద ఇంటరెస్ట్ ఎలా వచ్చిందని అడిగారు. నేను ఆ పీరియడ్ మొత్తం చెప్పాను, పాసింజరు, మూడు లారీల వడ్లు, చివర్లో "అప్పుడు నేను లేచి అడిగాను సార్, భుజాలు ఊడిపోవా అని" అన్నా. ఎదురుగా కూర్చున్నాయన నవ్వి పెన్ను కింద పెట్టేశాడు. ఆ ఉద్యోగం నాకు ఆ ఒక్క ముక్క మీద వచ్చింది.

అదే ఏడాది ఇంకో వార్త చూశా, ఇంగ్లండులో లీస్టర్ యూనివర్సిటీ స్టూడెంట్లు సినిమాలో ట్రైనుకే లెక్క వేశారంట, బరువు 2 లక్షల కిలోలు, స్పీడు సెకనుకి 24 మీటర్లు, కావాల్సిన బలం 3 లక్షల న్యూటన్లు, నిజం సాలీడు దారం సరిపోతుందని తేల్చారు. వాళ్ళ ట్రైను వేరు, మన బందరు పాసింజరు వేరు, అయినా అదే 3 లక్షలు చూసేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డా. సారుకి ఫోన్ చేస్తే "మనం ముందే వేశాం కదరా" అన్నారు, ఏదో నిన్న వేసినట్టు.

పన్నెండేళ్ళుగా నా పని తాళ్ళే. గేములో తాడంటే తాడు కాదు, పూసలు గుచ్చిన దండ లాంటిది, పూసకీ పూసకీ మధ్య ఇంత దూరమే ఉండాలని ఒక రూలు, సెకనుకి 60 సార్లు రూలు తప్పిన పూసల్ని పట్టుకుని వెనక్కి లాగుతూ ఉండాలి. తేలిక పూసల చివర లారీ కడితే మొత్తం వణికిపోతుంది, లేకపోతే చూయింగ్ గమ్‌లా సాగుతుంది. అంచేత (సారు మాట వచ్చేసింది) మేం దొంగ లెక్క వేస్తాం, పూసల బరువు పెంచి లారీ బరువు తగ్గిస్తాం, ఆడేవాడికి తెలీదు. చాలామందికి ఇదేం గొప్ప పని అనిపించదు, మా మావయ్య అయితే ఇప్పటికీ "వీడియో గేములు ఆడతాడు" అనే పరిచయం చేస్తాడు. కానీ పోయినేడు మేం చేసిన గేము మా వాడు ఇంట్లో మొత్తం ఆడి చివరికొచ్చాక పేర్లు పడుతుంటే పాజ్ చేసి వాళ్ళ నానమ్మని కేకేసి పిలిచాడు. మా అమ్మకి కళ్ళజోడు దొరికేదాకా టీవీ మీద నా పేరు అలాగే ఆగి ఉంది.

ఆ గేములో హీరో తాడు పట్టుకుని వేలాడే చోట, భుజం కీలు ఎంత లాగుడుకి వదిలెయ్యాలో ఒక అంకె ఉంటుంది. అది దాటితే వాడి చెయ్యి జారిపోతుంది, పడిపోతాడు. కోడులో ప్రతి అంకెకీ ఒక పేరు పెట్టాలి. నేను దానికి ఎర్ర రిబ్బను అని పెట్టా. మా టీములో పిల్లలు అదేదో స్క్రీన్ మీద గీసే ఎర్ర గీత అనుకుని మూడేళ్ళుగా దాన్ని వెతుకుతున్నారు.

ఈ సంగతి తనకి ఫోన్‌లో చెప్పాలని నంబరు తీసుకుని నెలైంది. చెయ్యలేదు. ఇక్కడ రాస్తే ఇంక తప్పదు కదా అని రాస్తున్నా. బందరు లడ్డూ, నువ్వు ఇంటర్వ్యూ సంగతి వాళ్ళాయనకి చెప్పి నవ్వకు, తనకి నేను చెప్తా.

కేబులూ, రెండు పేజీలు దాటిందని నాకు తెలుసు. కోయాలంటే కాంట్రా ముక్క కోసెయ్యి, డిష్ గాడు ఫీలవ్వడు, వాడు ఫీలైనా పర్లేదు. భుజాల దగ్గర మాత్రం కత్తెర పెట్టొద్దు. సారుకి మోకాళ్ళు నొప్పులంట, స్టేజీ మెట్లు ఎక్కించొద్దు, కిందే కుర్చీ వేయించి మైకు అక్కడికే ఇవ్వండి. మైకు ఇచ్చి "అంచేత" అనకుండా ఎంతసేపు మాట్లాడతారో పందెం, అయిదు రూపాయలు.