ఊడ్నడాటా దారికి బండి కట్టిన వైనం

గరాజులో నేల మీద పరిచిన సామాను చుట్టూ నాన్న రెండుసార్లు తిరిగి, "ఇదంతా ఎన్ని కిలోలురా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పైకప్పు క్యారియరు, డీజిల్ డబ్బాలు, ఫ్రిజ్, రెండో బ్యాటరీ, గుడారం, పార, పట్టీలు... ఒక్కోదాని ధర ఎంతో చెప్పగలను. బరువు మాత్రం తూచలేదు.

నాన్న ముప్పై ఏళ్లకు పైగా విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టారు. నన్ను చదివించింది ఆ సుత్తి దెబ్బలే. మేము అడిలైడ్‌లో స్థిరపడ్డాక ఆయన మా దగ్గరికి రావడం ఇది మూడోసారి. ఈసారి ఆయనకు ఆస్ట్రేలియా లోపలి నేల చూపించాలనుకున్నాను. ఉత్తరంగా దాదాపు 685 కి.మీ. వెళితే మారీ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడి నుంచి విలియం క్రీక్, ఊడ్నడాటా ఊళ్ల మీదుగా మార్లా దాకా సుమారు 620 కి.మీ. మట్టి, కంకర దారి. ఆపైన స్టువర్ట్ హైవే పట్టుకొని ఇంటికి. మా బండి పాత డీజిల్ టయోటా ప్రాడో, 120 సిరీస్.

మర్నాడు సామానంతా ఎక్కించి, ట్యాంకులు నింపి, నేను, మా ఆవిడ, నాన్న ముగ్గురం కూర్చొని కాటా మీదికి వెళ్లాం. బండి ప్లేటు మీద రాసి ఉన్న గరిష్ఠ బరువు కంటే 60 కిలోలు ఎక్కువ తూగింది. నాన్న ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఓవర్‌లోడు లారీ ఇంటికాడ బాగానే ఉంటుంది. మొదట విరిగేది గతుకుల్లోనే" అన్నారు.

ముందుగా దిగినవి పైకప్పు మీది డీజిల్ డబ్బాలు. ప్రాడోకు రెండు ట్యాంకులు, కలిపి 180 లీటర్లు. కంకర మీద నూరు కిలోమీటర్లకు 14 లీటర్లు తాగుతుందనుకున్నా 1,200 కి.మీ. పైనే నడుస్తుంది. ఈ దారిలో దాదాపు 200 కి.మీ.కు ఒకచోట డీజిల్ దొరుకుతుంది. సింప్సన్ ఎడారి దాటేవాళ్లకు అదనపు ఇంధనం కావాలి, మాకు అక్కర్లేదు. 40 లీటర్లంటే డబ్బాలతో కలిపి 40 కిలోలకు దగ్గర. అంత బరువు బండి నెత్తిన ఉంటే మలుపులో ఎటు లాగుతుందో నాన్నకు వివరించాల్సిన పని లేదు. డబ్బాల తర్వాత ఇనుప పొయ్యి, మడత బల్ల, రెండో గుడారం దిగాయి. చివరికి క్యారియరే విప్పేశాం.

నీళ్ల విషయంలో మాత్రం ఆయన ఒక్క లీటరు కూడా తగ్గించనివ్వలేదు. ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీల ఎండ కాసింది. మేము వెళ్లింది జూలై చలికాలమే అయినా, బండి ఆగిపోతే దాన్ని వదలకుండా అక్కడే ఉండాలన్నది ఆ ప్రాంతపు మొదటి నియమం. ఉండాలంటే నీళ్లు కావాలి. 60 లీటర్లు ఒకే పీపాలో కాకుండా ఆరు క్యాన్లలో నింపి, వెనక సీటుకు ఆనించి అడుగున పేర్చారు. ఒకటి పగిలినా అయిదు మిగులుతాయి.

నాన్న బండి కింద దూరి చూసి, "కమాన్ కట్టలు లేవేమిటి?" అని ఆశ్చర్యపోయారు. లారీలకుండే పట్టీల స్ప్రింగుల కోసం వెతికారాయన. ప్రాడో వెనక చుట్ట స్ప్రింగులుంటాయి. వాటి స్థానంలో గట్టివి వేయించాను, షాకబ్సార్బర్లు కూడా మార్పించాను. టైర్లు లైట్ ట్రక్ రకం, పక్క గోడలు మందంగా ఉండేవి తీసుకున్నాను. ఆ దారిలో గిబ్బర్ అనే పదునైన రాళ్లు పరుచుకొని ఉంటాయి. అవి టైరు అడుగును కాదు, పక్కను కోస్తాయి. అందుకే రెండు స్టెప్నీలు, పంక్చరు సామాను, గాలి కొట్టే కంప్రెసరు. వీటి బరువు గురించి నాన్న ఒక్క మాటా అనలేదు.

లాగే పట్టీ దగ్గర నేనే ఆయనకు ఒక మాట చెప్పాను. ఇసుకలో కూరుకున్న బండిని సాగే పట్టీతో లాగేటప్పుడు, ట్రెయిలర్ తగిలించే గుండుకు దాన్ని ఎన్నడూ తగిలించకూడదు. గుండు విరిగిందంటే తూటాలా ఎగురుతుంది. ఈ దేశంలో అలా ప్రాణాలు పోయాయి. బరువుకు లెక్కగట్టిన కొక్కేలు ఛాసిస్‌కు వేరుగా బిగించాను. నాన్న వాటి బోల్టులన్నీ వేలితో తట్టి చూశారు.

ఆ సాయంత్రమే ఆయన తెల్ల పెయింటు సీసా అడిగారు. బండి కింద, బ్యాటరీ పీఠం మీద, కొక్కేల మీద, ప్రతి నట్టు నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక సన్నటి గీత గీశారు. నట్టు కదిలితే గీత తెగుతుంది. చేత్తో తాకకుండా, చూస్తేనే తెలిసిపోతుంది. రెండోసారి కాటాకు వెళితే హద్దుకు 70 కిలోలు తక్కువ ఉన్నాం. ఆవకాయ, పప్పు పొడులు, చిన్న కుక్కరు ఆ లెక్కలోనే ఉన్నాయి.

తారు దారి అయిపోయాక టైర్లలో గాలి 38 నుంచి 28కి తగ్గించాను. దారి కప్పు రేకులా అలలు అలలుగా ఉంది. ఆ అదురు చెవిలో కంటే పళ్లలో ఎక్కువ తెలుస్తుంది. గాలి తగ్గించగానే బండి నడక మెత్తబడింది.

మారీలో నాన్న చాలాసేపు ఆగిపోయారు. రైలుకు ముందు ఈ నేల మీద సరుకు మోసింది ఒంటెలు. వాటిని నడిపినవాళ్లను అఫ్ఘాన్లనేవారు కానీ, వారిలో చాలామంది బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ ప్రాంతాలవారు. బలమైన ఒంటె అరటన్ను దాకా మోసేదని చెబితే నాన్న, "రెండు పక్కలా సమానంగా కట్టి ఉంటారు. లేకపోతే వీపు పుండవుతుంది" అన్నారు. వారి మట్టి మసీదు నమూనా ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు.

అక్కడి నుంచి 1980లో మూతపడిన పాత ఘాన్ రైలు మార్గం పక్కపక్కనే వెళ్లాం. దక్షిణ ఐర్ సరస్సు తెల్లటి ఉప్పు పలకలా కనబడింది. ఆ రాత్రి కౌవర్డ్ స్ప్రింగ్స్ అనే చోట దిగాం. భూగర్భం నుంచి దానంతట అదే ఉబికే వెచ్చని నీటిలో కాళ్లు పెట్టుకొని నాన్న చుక్కలు లెక్కపెట్టారు.

తెల్లారి బానెట్ ఎత్తితే బ్యాటరీ పీఠం మీద రెండు గీతలు తెగి ఉన్నాయి. ఒక తీగ పైపొర రాపిడికి అరిగి రాగి కనబడుతోంది. ఇంకో పూట గడిస్తే అది ఇనుముకు తగిలి నిప్పు లేచేది. స్పానరుతో బిగించి, తీగకు టేపు చుట్టి, పాత ట్యూబు ముక్క అడ్డుపెట్టాం. పది నిమిషాల పని. నాకు మాత్రం గుండె చాలాసేపు కుదుటపడలేదు.

ఊడ్నడాటాకు ఇవతల ఆల్జిబకీనా వంతెన ఉంది. నీల్స్ నది మీద 578 మీటర్ల పొడవున నిలిచిన పాత రైలు వంతెన. దాని నీడలో ఒక వృద్ధ దంపతుల బండి ఆగి ఉంది. పైకప్పు క్యారియరు కాలు విరిగి సామాను ఒక పక్కకు ఒరిగింది. నాన్న నన్ను అడగకుండానే తాడు అందుకున్నారు. సగం సామాను కిందికి దింపించి, మిగిలినదాన్ని చదును చేసి, లారీ మీద టార్పాలిన్ బిగించే ముడి వేశారు. మెలిక తిప్పి, కొస లాగితే తాడు తీగలా బిగిసింది.

ఆ పెద్దాయన ముడిని చూసి ముఖం వెలిగిపోయి, "ట్రకీస్ హిచ్!" అన్నాడు. లారీవాళ్ల ముడి అని. ఆయన కూడా ఒకప్పుడు లారీ నడిపినవాడే. నాన్నకు ఇంగ్లీషు రాదు. ట్రక్ అన్న మాట పట్టుకొని, "లారీ, లారీ" అంటూ తల ఊపారు. ఆ పెద్దాయన ముడి విప్పి తాను మళ్లీ వేసి చూపించాడు. నాన్న వేలితో తాడు మీటి, బిగువు చూసి, సరేనన్నట్టు ఆయన భుజం తట్టారు.