ఒంగోలు బోరు నీళ్లు, మా హాల్లో మొక్కలు: మే నుంచి నవంబరు దాకా

మే నెలాఖరు, రోహిణి కార్తె

బయట 44 డిగ్రీలు. పడమటి గాలికి సాయంత్రం దాకా కిటికీ తీసే పని లేదు. హాల్లో మనీప్లాంట్, స్నేక్‌ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ మాత్రం ఎండాకాలం ఎవరికి వచ్చిందన్నట్టున్నాయి. స్పైడర్‌ప్లాంట్‌కీ పీస్‌లిల్లీకీ ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి గలగలమంటున్నాయి.

చూసినవాళ్లంతా ఎండదెబ్బ అంటున్నారు. ఆ రెండూ ఉండేచోట ఎండ పొడ కూడా తగలదు. మట్టి చూస్తే తడిగానే ఉంది. అసలు సంగతి కుండీ అంచున కనిపించింది: చుట్టూ తెల్లటి పొర, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. బాత్రూం బకెట్‌కీ కుళాయి మూతికీ పట్టేదే ఇదీను.

నీళ్లలో కరిగిన ఉప్పులు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపే టీడీఎస్ మీటరు ముంచి చూస్తే మా బోరు నీళ్లు 1,400 పైనే చూపించాయి. తాగే నీళ్లలో లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. మనమైతే ఆర్‌ఓ పెట్టుకుంటాం. కుండీలో మొక్కకి అదెక్కడిది? నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. పొలంలో పేరుకున్న ఉప్పుని మంచి వాన పడితే లోపలికి దించేస్తుంది; హాల్లో వాన పడదు. ఉప్పు పెరిగేకొద్దీ వేరు నీటిని పీల్చుకోలేదు. పీల్చిన కాస్త నీటితో వచ్చిన ఉప్పు ఆకు చివరిదాకా పోయి అక్కడే మిగిలిపోతుంది, కొస మాడుతుంది. అది దాహమనుకుని ఇంకో చెంబు అవే నీళ్లు పోస్తే ఉప్పు మీద ఉప్పు.

ఇంకొకటి. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని చాలామంది కుండీల్లో పోస్తుంటారు. బోరు నీళ్ల కంటే వాటిలోనే ఉప్పు ఎక్కువ. ఇల్లు తుడుచుకోవడానికి వాడుకోండి, కుండీల జోలికి తేవద్దు.

జూన్

ఏసీ పైపు కింద బకెట్ పెట్టాను. మీటరు 30 కూడా దాటలేదు! గాల్లో తేమ చల్లబడి కారే నీళ్లు కదా, ఉప్పు ఉండే అవకాశమే తక్కువ. మూడు చెంబులు ఇవి, ఒక చెంబు బోరువి కలిపి పోస్తున్నా. ఏసీ సర్వీసింగ్‌కి మందు కొట్టించిన తర్వాత రెండు మూడు రోజులు ఆ నీళ్లు పారబోయాలి.

పక్కింటి పెద్దమ్మ చూసి, "ఏందమ్మాయ్, ఏసీ నీళ్లు పోస్తన్నావు, చచ్చిపోవా అవి?" అంది. బోరు నీళ్ల కంటే నయం పెద్దమ్మా అన్నాను. "అయితే మా తులసికీ ఓ చెంబు పడెయ్," అంది.

పేరుకున్న ఉప్పుని కడిగేయడానికి నెలకోసారి కుండీలని బాత్రూంలోకి తీసుకుపోతున్నా. కుండీ ఎంతుందో దానికి రెండు మూడింతల ఏసీ నీళ్లు, మెల్లగా, ఆగి ఆగి. అడుగు నుంచి ధారగా కారిపోవాలి. ఆ తర్వాత పళ్లెంలో నిలిచిన నీళ్లు ఒంపేయాలి, లేదంటే కడిగిన ఉప్పుని మట్టి మళ్లీ పైకి లాక్కుంటుంది. అంచున ఉన్న తెల్ల పొరని ముందే చెంచాతో గీకి తీసేస్తే సగం పని తగ్గుతుంది.

జులై

మట్టి మార్చాను. మా చుట్టుపక్కల దొరికే నల్లరేగడి కుండీకి పనికిరాదు. తడిస్తే బంక, ఎండితే బీటలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు, వర్మీ కంపోస్ట్ ఒకటి, దొడ్డు ఇసుక ఒకటి, కుండీకి గుప్పెడు వేపపిండి. స్నేక్‌ప్లాంట్‌కైతే ఇసుక రెట్టింపు.

కోకోపీట్‌లోనూ ఉప్పుంటుంది. 650 గ్రాముల ఇటుకని నానబెట్టి పిండితే మొదటిసారి దిగిన నీళ్లు టీ డికాషన్ రంగులో ఉన్నాయి, మీటరు బోరు నీళ్లని మించిపోయింది. నీళ్లు తేటపడేదాకా నానబెట్టడం, పిండడం చేయాల్సిందే. ఉప్పు నీళ్లతో గొడవపడుతూ కడగని కోకోపీట్ వాడితే చేసిందంతా దండగ.

అడుగున గులకరాళ్ల పొర వేయలేదు. దానివల్ల నీరు బాగా దిగుతుందన్నది నిజం కాదు. తడి నిలిచే పొర రాళ్ల మీదికి, అంటే వేర్ల దగ్గరికి, జరుగుతుంది అంతే. చిల్లు మీద ఒక పెంకుముక్క చాలు. పళ్లేల కింద మాత్రం చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పరిచాను, మా వైపు వాటికేం కరువు! నేల మీద మరకలు పడవు.

ఆగస్టు

మనీప్లాంట్ కణుపు కింద కత్తిరించి సీసాలో వేశాను, వేర్లొచ్చాయి. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఆగ్లోనిమా కాడల సందుల్లో పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొట్టాను. వారం ఆగి మళ్లీ కొట్టాలి, మొదటిసారికి మిగిలిపోయిన గుడ్లు పిల్లలవుతాయి. పొగాకు పండే జిల్లా కాబట్టి పొగాకు కషాయం కొట్టమని సలహాలు బాగా వస్తాయి. నికొటిన్ విషం. పిల్లలు తిరిగే ఇంట్లో నేను కొట్టను.

అక్టోబరు, నవంబరు

ఈశాన్య రుతుపవనం దిగాక లెక్కంతా తారుమారు. వెలుతురు తగ్గుతుంది, గాల్లో తేమ, మట్టి ఎంతకీ ఆరదు. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు. స్నేక్‌ప్లాంట్‌కి, జెడ్‌జెడ్‌కి కుండీ ఎత్తి చూస్తే తెలిసిపోతుంది, తేలిగ్గా లేస్తేనే పోయాలి. మట్టి మీద దోమల్లాంటి సన్న ఈగలు లేచాయంటే తడి ఎక్కువైందనే. పైమట్టి ఆరనిచ్చి, పసుపు జిగురు అట్టలు గుచ్చితే తగ్గాయి.

డాబా కడిగి, మొదటి వాన వదిలేసి, తర్వాతి వాన నీళ్లు డ్రమ్ముకి పట్టాను. ఏసీ ఆపేసిన నెలలకి ఇవే ఆధారం. దోమలు చేరకుండా పైన పలుచటి గుడ్డ కట్టాలి.

స్పైడర్‌ప్లాంట్‌కి జులై తర్వాత వచ్చిన ఆకులు కొసల దాకా పచ్చగా ఉన్నాయి. పాతవి మాడినంత మేర కత్తిరించాను, ఆ కొసలు తిరిగి పచ్చబడవు. పీస్‌లిల్లీ ఇంకా సగం సగమే. నర్సరీ ఆయన కలాథియా తీసుకెళ్లమని వెంటపడుతున్నాడు, ఉప్పు నీళ్లు పడని మొక్క అది. వాన నీళ్ల డ్రమ్ము వేసవి దాకా వస్తుందో లేదో చూసుకుని అప్పుడు చెప్తానన్నాను.