ఎర్రమట్టి దిబ్బల్లో తెల్ల దుప్పటి

మనుషుల ఫొటోలు తీయడం నేర్చుకోవాలంటే ఎదురుగా ఓపికగా నిలబడే మనిషి కావాలి. ఇంట్లోవాళ్లను ఎన్ని ఆదివారాలని నిలబెడతాం? అందుకే విశాఖలో మేం ఎనిమిది మందిమి నెలకోసారి గ్రూప్ షూట్ పెట్టుకుంటాం. తలా ఐదు వందలు. అందులో ఎక్కువ భాగం మోడల్‌కే ఇస్తాం.

జనవరిలో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లాం. కూచిపూడి నేర్చుకుంటున్న డిగ్రీ అమ్మాయి మోడల్‌గా వచ్చింది, తోడుగా వాళ్లమ్మగారు. ఆరున్నరకు సముద్రం మీద పొద్దు పొడిచినా, వాన నీరు కోసిన ఆ లోతైన దారుల్లోకి ఎండ దిగడానికి ఇంకా చాలాసేపు పట్టింది. జియోలాజికల్ సర్వే గుర్తించిన భూవారసత్వ స్థలం కాబట్టి దిబ్బల మీదికి ఎక్కకుండా కిందే నిలబడ్డాం.

మొదటి పది నిమిషాలు వృథా అయ్యాయి. “ఇటు చూడమ్మా”, “గడ్డం దించమ్మా” అని అన్ని వైపుల నుంచీ కేకలు. పాపం, ఆ అమ్మాయి చూపు ఏ కెమెరాలోనూ నిలవలేదు. మాలో పెద్దాయన, ఒకప్పుడు స్టూడియో నడిపిన మనిషి, అందరినీ ఆపి వంతులు పెట్టారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మిగతావాళ్లు నోరు మెదపకూడదు.

నాది ఆరో వంతు. ముందువాళ్ల కెమెరా తెరల్లో చూస్తే ఆమె గడ్డం కింద, ముక్కు కింద ఎరుపు, నుదుటి మీద ఆకాశపు నీలం. అక్కడి ఇసుక రేణువులకు ఐరన్ ఆక్సైడ్ పట్టి ఉంటుంది. దాని మీద పడిన ఎండ ఎర్రబడి ముఖం మీదికి లేస్తుంది. కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌తో ఎరుపు తగ్గిస్తే నుదురు ఇంకా నీలంగా మారుతోంది. పెద్దాయన కారులోంచి తెల్ల దుప్పటి తెప్పించి ఆమె ముందు నేల మీద పరిపించారు. ఒక అంచు పట్టుకుని నేను కూర్చున్నాను. జానెడు పైకెత్తితే కళ్ల కింది నీడ పలచబడి, కంటిపాప అడుగున సన్నని తెల్లటి మెరుపు. దించితే మాయం. కెమెరా ముట్టకుండా గడిపిన ఆ ఇరవై ఐదు నిమిషాల్లోనే వెలుగు నాకు మొదటిసారి అర్థమైంది.

ఇంతలో కొత్తగా చేరిన ఒకరు జుట్టు సర్దబోయి ఆమె మీద చేయి వేశారు. ఆమె వెనక్కి జరిగింది. వాళ్లమ్మగారు లేచి నిలబడ్డారు. ఆయన క్షమాపణ చెప్పారు గానీ, ముందే చెప్పి ఉండాల్సింది మేమే. మోడల్‌ను ముట్టుకోకూడదు, ఏం కావాలో మన చేత్తో మన ముఖం మీదే చూపించాలి. ఫొటోలు ముందు ఆమెకే పంపాలి, ఆమె ఒప్పుకున్నవే బయట పెట్టాలి. ఇప్పుడు కొత్తవాళ్లకు డబ్బు కట్టకముందే ఇదంతా చెబుతున్నాం.

నా వంతు వచ్చింది. 50 ఎంఎం లెన్స్, దాని రంధ్రం ఎఫ్/2.8. ఇంకా పెద్దగా తెరిచి ఎఫ్/1.8 పెడితే అంత దగ్గర్లో ఒక కన్ను మసకబారుతుంది. కెమెరా దించి, “ఈ మధ్య కష్టంగా అనిపించిన జతి ఏదమ్మా?” అని అడిగాను. చేత్తో తాళం వేస్తూ చెప్పడం మొదలుపెట్టింది. భుజాల బిగువు సడలింది.

వారం లోపల పదకొండు ఫొటోలు పంపాను. జతి మధ్యలో ఒక్క క్షణం కళ్లు మూసుకున్న ఫొటో ఆమెకు నచ్చింది. నేను తీసేద్దామా అని రెండుసార్లు ఆలోచించినది అదే. వాళ్లమ్మగారు అడిగితే 8×12 సైజులో ప్రింటు తీయించి ఇచ్చాను.