అత్తగారూ, అమ్మమ్మా ఒక్కరే: లాక్‌డౌన్‌లో వంశవృక్షాల పని

మా చర్చిలో నాకు అప్పగించిన బాధ్యత ఫ్యామిలీ హిస్టరీ కన్సల్టెంట్. చర్చి పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మోర్మన్లు అంటే ఇంకొంతమంది గుర్తుపడతారు. హైదరాబాద్‌లో మేం కొద్దిమందిమే గానీ, 2012లో దేశంలోనే మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన విభాగం, ఇక్కడే ఏర్పడింది. సభ్యులు తమ తాతముత్తాతల పేర్లు సేకరించి ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఎక్కించుకోవడానికి సాయపడటం నా పని. ఆ పేర్లు మా దేవాలయానికి వెళ్తాయి. అది ఆదివారం కూడుకునే చర్చి కాదు, ఇలాంటి విధుల కోసమే వేరుగా కట్టేది. బతికుండగా అవకాశం దొరకని పెద్దల తరఫున వాళ్ల పిల్లల పిల్లలు బాప్తిస్మం తీసుకుంటారు. దాన్ని ఒప్పుకోవడం, మానడం ఆ పెద్దల ఇష్టం. మా నమ్మకం అది.

2020 మార్చి 12న ప్రపంచమంతటా కూడికలు ఆపేస్తున్నట్టు చర్చి ప్రకటించింది. నెలాఖరుకల్లా దేవాలయాలన్నీ మూసేశారు. మనకెలాగూ దగ్గర్లో దేవాలయం లేదు. అంతకుముందు మావాళ్లు హాంకాంగ్ దాకా వెళ్లొచ్చేవారు, బెంగళూరులో కడతామని 2018లో చెప్పారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేయించే పని కదా, ఇక దానికి సెలవే అనుకున్నాను. బిషప్ గారు ఫోన్ చేసి, "సిస్టర్, ఇంట్లోంచి ఏమైనా చేయగలరేమో చూడండి" అన్నారు.

మొదట్లో అంతా ఓటీపీల గోలే. తల్లి అకౌంట్ తెరవాలంటే ఓటీపీ కొడుకు ఫోన్‌కి పోతుంది, కొడుకు వర్క్ ఫ్రమ్ హోమ్ మీటింగ్‌లో ఉంటాడు. పాస్‌వర్డ్ డైరీలో రాసుకోమంటే డైరీ ఎక్కడ పెట్టారో మర్చిపోతారు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, ఓపిక పట్టడమే.

అసలు సంగతి ఏంటంటే, పెద్దవాళ్లంతా ఇంట్లోనే ఉన్నారు. మామూలు రోజుల్లో పెళ్లిళ్లు, పేరంటాలంటూ దొరకని వాళ్లు కూడా ఫోన్ ఎత్తుతున్నారు. సీరియళ్ల షూటింగులు ఆగిపోయి పాత ఎపిసోడ్లే వేస్తున్నారు కాబట్టి సాయంత్రాలు కూడా ఖాళీ. మధ్యాహ్నం మూడు దాటాక, ఒక కునుకు తీసి టీ తాగే వేళకి ఫోన్ చేస్తే కబుర్లు ధారగా వస్తాయని నాకు అర్థమైంది.

ఉప్పల్‌లో ఉండే ఒక కుర్రాడు, రాజమండ్రిలో ఉన్న వాళ్ల నానమ్మ, మల్కాజిగిరి నుంచి నేను, ముగ్గురం కాన్ఫరెన్స్ కాల్‌లో ఉన్నాం.

"మీ అత్తగారి పేరు చెప్పండి పెద్దమ్మా."

"ఇందాకే చెప్పాను కదమ్మా."

"ఇందాక చెప్పింది మీ అమ్మమ్మగారి పేరు."

"ఆవిడే. మా మేనమామనే కదా చేసుకున్నాను! నాకు అమ్మమ్మా ఆవిడే, అత్తగారూ ఆవిడే. ఆరళ్లు పెట్టిందీ ఆవిడే, అరిసెలు పెట్టిందీ ఆవిడే."

కుర్రాడు అప్పటికే ఆవిడని ఇద్దరు మనుషుల్లా ఎక్కించేశాడు. ఇద్దర్నీ మెర్జ్ చేయించాను. అప్పుడు చార్టులో ఒక తరంలో ఒకసారి, ఆ పై తరంలో ఇంకోసారి ఒకటే పేరు కనబడేసరికి సైట్ పాడైందన్నాడు. సైట్ బాగానే ఉంది, మన మేనరికాలు అలా ఉంటాయి.

తేదీల దగ్గర మాత్రం కష్టపడాల్సిందే. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు పల్లెల్లో పుట్టిన వాళ్లలో చాలామందికి కాగితమే ఉండదు, ఆధార్‌లో జనవరి 1 ఉంటుంది. అందుకే ఏడాది అడగడం మానేసి, అప్పుడు ఊళ్లో ఏం జరిగిందో అడిగేదాన్ని. "రజాకార్ల గొడవప్పుడు నేను చంకలో పిల్లని" అంటే సుమారు 1947 అని వేసుకోవచ్చు, సైట్ ఒప్పుకుంటుంది. "దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు పోయాడు" అంటే 1977. ఒంగోలు వైపు పెద్దాయన ఒకరు తన ముత్తాత గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నాడని చెప్పారు. 1878 జులై 3న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర హయాంలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఏరు అది. కానీ ముత్తాత ఆ రోజే ఉన్నాడనడానికి ఆధారమేం లేదు. తేదీ ఖాళీగా వదిలి, ఆయన గొంతు రికార్డు చేసి సైట్‌లోని మెమరీస్ విభాగంలో పెట్టాం. తేదీ పెట్టేస్తే బాగుండేదని మనవరాలికి కొంచెం బాధ.

ఆడవాళ్ల పేర్లు పుట్టింటి ఇంటిపేరుతో వేయాలి. మగవాళ్లని అడిగితే సొంత నానమ్మ పుట్టింటి పేరు కూడా చెప్పలేరు, "ఫలానా ఊరి వాళ్లు" అంటారంతే. అదే ఇంట్లో ఉన్న మేనత్తని అడగండి, మూడు తరాల కోడళ్ల పుట్టిళ్లు, పెట్టుపోతలతో సహా చెప్తుంది.

అందరూ సంతోషంగా ఒప్పుకోలేదు. గత 110 ఏళ్లలో పుట్టిన వాళ్లకి దేవాలయంలో విధులు జరిపించాలంటే, బతికున్న అతి దగ్గరి బంధువు అనుమతి ఉండాలి. ఒక సిస్టర్‌కి వాళ్ల నాన్నగారి విషయంలో తల్లి అనుమతి కావాలి. ఆవిడ ఇప్పటికీ తులసికోట దగ్గర దీపం పెట్టే మనిషి. "ఆయన పేరు రాసుకోండి, ఇంకేం చేయొద్దు" అన్నారు. అలాగే చేశాం. అక్కడ బలవంతపెడితే ఇంట్లో గొడవ తప్ప ఒరిగేదేం లేదు. ఆ సిస్టర్‌కి కూడా నేను అదే చెప్పాను.

2021 ఫిబ్రవరిలో, వంశవృక్షాల పని మీద ఏటా జరిగే రూట్స్‌టెక్ సమావేశాన్ని పూర్తిగా ఆన్‌లైన్‌లో, ఉచితంగా పెట్టారు. పది లక్షల మందికి పైగా పాల్గొన్నారు. మా వాట్సాప్ గ్రూపులో ఒకటే హడావుడి. తర్వాత రెండో వేవ్ వచ్చింది. మే 12 నుంచి తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్, మొదట్లో పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. ఫోన్ మోగితే ఎత్తాలంటేనే టెన్షన్. బొల్లారంలో ఒక అంకుల్, అమ్మ వైపు పేర్లు అక్కకే తెలుసు, అడిగి చెప్తానన్నారు. ఆ అక్కగారు ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. ఆ వైపు ఆయన అమ్మ పేరు దగ్గరే ఆగిపోయింది.

అప్పట్నుంచి ఏ కుటుంబంతో మొదలుపెట్టినా ఇంట్లో అందరికంటే పెద్ద ఎవరో అడిగి, ముందు వాళ్లకే ఫోన్ చేస్తున్నాను. అకౌంట్, పాస్‌వర్డ్, ఫోటోలు అన్నీ ఆ తర్వాతే. పేర్లు ముందు నోట్‌బుక్‌లో రాసుకుంటాను, ఎక్కించడం రాత్రి తీరిగ్గా.

ఇప్పుడు చర్చి తెరిచారు, కంప్యూటరూ ఉంది. చార్టులు, మెర్జింగులు నేర్చుకునే కుర్రాళ్లు ఆదివారం అక్కడికే వస్తారు. పెద్దవాళ్లతో పని మాత్రం ఇప్పటికీ ఇంట్లోంచే, మధ్యాహ్నం మూడు దాటాక. సీరియళ్లు మళ్లీ కొత్తవి వస్తున్నాయి కాబట్టి ఆరున్నరలోపు ముగించాలి.